సబ్డక్షన్ జోన్ ఫ్లూయిడ్స్ మీద పీహెచ్‌డీ తీసుకోవచ్చా? మన దగ్గరున్నవన్నీ ఎండిపోయిన రాళ్ళు కదా

రాజాం_రాళ్ళపిల్ల
ఎమ్మెస్సీ జియాలజీ అయిపోయింది, నెట్ లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు ఇద్దరు గైడ్లు ఒప్పుకున్నారు. ఒకరిది నాగావళి బేసిన్ లో గ్రౌండ్ వాటర్ క్వాలిటీ. ఇంకొకాయనది సబ్డక్షన్ జోన్లలో, అంటే ఒక ప్లేటు ఇంకో ప్లేటు కిందికి దిగిపోయే చోట్ల, ఫ్లూయిడ్స్, డీహైడ్రేషన్ రియాక్షన్లు (ఖనిజాలు నీరు వదిలే మార్పులు). నా మనసు రెండోదాని మీదే ఉంది, భయం కూడా దాని మీదే. నేను చేత్తో పట్టుకున్నవన్నీ మన కొండల్లో రాళ్ళే, ఖొండలైట్లు, చార్నొకైట్లు, ఒకట్రెండు మాంగనీసు ముక్కలు. సబ్డక్షన్ లో పుట్టే బ్లూషిస్టు రాయిని ఫొటోలో తప్ప చూళ్ళేదు. ఇంట్లో నీళ్ళ మీద రీసెర్చ్ అని చెప్తే నాన్న "అయితే మన మెట్ట చేలో బోరు పాయింటు నువ్వే పెట్టు" అంటున్నారు. ఆ సంగతి పక్కన పెడితే నాకు అసలు డౌటు ఏటంటే, వంద కిలోమీటర్ల లోతుకి దిగిపోయిన ప్లేటులో ఇంకా నీళ్ళు ఎలగ మిగుల్తాయి? పుస్తకంలో చదివాను గానీ ఒంటికి పట్టలేదు. ఈ లైన్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, తీసుకోనా వద్దా.

పలాస_జీడిపప్పు
వంద కిలోమీటర్ల బోరుకి ఎన్ని హెచ్‌పీ మోటారు పడుతాదో ముందు అది కనుక్కో చెల్లీ, కరెంటోళ్ళు కనెక్షన్ ఇస్తారో లేదో

బొబ్బిలి_వీణ
నేను ఇదే లైన్లో నాలుగో ఏడు, ల్యాబులో సర్పెంటినైట్ ని (సర్పెంటైన్ అనే ఖనిజంతో నిండిన రాయి) నొక్కి కాల్చే పని. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదువు.

మడుగులా నిలబడ్డ నీళ్ళని ఊహించుకుంటే ఎప్పటికీ అర్థం కాదు. ప్లేటు దిగుతుంటే అవక్షేపాల సందుల్లో ఉన్న నీళ్ళు మొదటి కొన్ని కిలోమీటర్లలోనే పిండేసినట్టు పైకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత బంకమట్టి ఖనిజాల వంతు, స్మెక్టైట్ ఇల్లైట్ గా మారడం సుమారు 60 నుంచి 150 డిగ్రీల మధ్య జరిగిపోతుంది. ఇంకా లోతుకి దిగాక మిగిలే నీరంతా స్ఫటికం లోపల కట్టేసి ఉంటుంది. సముద్రపు బసాల్ట్ లో క్లోరైట్, యాంఫిబోల్, లాసనైట్ అనే ఖనిజాలు ఉంటాయి. కింద మాంటిల్ (భూమి పెంకు కింది పొర) భాగంలోకి పగుళ్ళ గుండా సముద్రపు నీరు దిగి ఉంటే అక్కడ సర్పెంటైన్. యాంఫిబోల్ లో బరువులో రెండు శాతం నీరు ఉంటే సర్పెంటైన్ లో పన్నెండు దాటుతుంది. చూడ్డానికి ఎండురాయే, చేతికి కాస్త సబ్బులా జారుతుంది అంతే.

ప్లేటు వేడెక్కే కొద్దీ ఒక్కో ఖనిజం ఒక్కో చోట చేతులెత్తేస్తుంది. గ్లాకోఫేన్ (ఒక యాంఫిబోల్), లాసనైట్ పోయి నీరు లేని గార్నెట్, ఆంఫసైట్ వస్తే అది ఎక్లోజైట్, అంతకుముందు కంటే బరువైన రాయి, నీరు బయటికి. యాంటిగోరైట్ అనే సర్పెంటైన్ రకం అయితే 600 నుంచి 700 డిగ్రీల దాకా పట్టుకుని ఉంటుంది. ఇలా వదిలిన నీరు పైనున్న మాంటిల్ లోకి ఎక్కితే ఆ రాయి కరగాల్సిన ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంది. వేడి పెరక్కుండానే కరగడం మొదలు. అగ్నిపర్వతాల వరస చాలా చోట్ల ప్లేటుకి సుమారు వంద కిలోమీటర్ల పైన ఉండేది అందుకే. మనకి దగ్గర్లో ఉదాహరణ అండమాన్ బారెన్ ఐలాండ్, 1787 లో పేలింది, 1800 ల మొదట్లోనూ పేలి, తర్వాత సుమారు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991 లో మళ్ళీ లేచింది. దాని కింద దిగుతున్నది మన ఇండియన్ ప్లేటే. మన సముద్రానికి ఆవలి ఒడ్డున జరుగుతున్న వ్యవహారం ఇది, మరీ పరాయిదేం కాదు.

గంట్యాడ_మాస్టారు
వీణ గారు పన్నెండు దాటుతుంది అన్నారు. ఎంత దాటుతుందో లెక్క వేస్తేనే నమ్మాలి. యాంటిగోరైట్ ఒక ఫార్ములా యూనిట్ లో 48 మెగ్నీషియం, 34 సిలికాన్, 85 ఆక్సిజన్, 62 హైడ్రాక్సిల్. అది విడిపోతే 14 ఫార్స్టరైట్, 20 ఎన్‌స్టటైట్ అనే నీరు లేని ఖనిజాలు, 31 నీటి అణువులు. రెండు పక్కలా అణువులు సరిపోయాయి, ఎవరైనా చూసుకోవచ్చు. అణుభారం 4536 వస్తుంది, అందులో నీరు 558. అంటే 12.3 శాతం. టన్ను రాయికి 123 కిలోల నీరు.

అమ్మా, ఒంటికి పట్టలేదు అన్నావు గనక చెప్తున్నా. పదో తరగతిలో మైలుతుత్తం కాల్చావు కదా. నీలం పోయి తెల్లబడింది, పరీక్షనాళిక పైగోడకి చెమట పట్టింది. ఆ పొడిని ముట్టుకుంటే ఎప్పుడైనా తడి తగిలిందా? తగల్లేదు, అయినా బరువులో 36 శాతం నీరే. రాయి సంగతీ అంతే. తేడా ఒకటుంది, మైలుతుత్తంలో ఉన్నది నీటి అణువుగానే ఉన్న స్ఫటికజలం, సర్పెంటైన్ లో ఉన్నది హైడ్రాక్సిల్, అది విడిపోతేనే నీరవుతుంది. ఈ రెండూ కలిపేసి రాస్తే నేను మార్కు తగ్గిస్తాను.

వంశధార_గట్టు
మాస్టారు రిటైరైనా మార్కులు తగ్గించడం మానలేదు

గరివిడి_మైను
అందరూ కెమిస్ట్రీ చెప్తున్నారు, ఆ పిల్ల అడిగింది తీసుకోవాలా వద్దా అని. నా మాట అయితే వద్దు. నేను మైనింగ్ లో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నా, పీహెచ్‌డీలు చేసినోళ్ళని చూశా. ఐదేళ్ళు లాసనైట్ లాసనైట్ అని తిరిగి బయటికొచ్చాక ఏటి చేస్తావమ్మా? లాసనైట్ కి కంపెనీ లేదు, రేటు లేదు, టెండర్ లేదు. గ్రౌండ్ వాటర్ అయితే సర్కారు డిపార్ట్‌మెంట్ ఉంది, ప్రాజెక్టులుంటాయి, కన్సల్టెన్సీ ఉంది, ఏదీ లేకపోతే మీ నాన్నగారి బోరైనా ఉంది. పైగా మనకి సబ్డక్షన్ ఎక్కడుంది? మన దగ్గరున్నది ఖొండలైటు, మాంగనీసు, మా పక్కూరి పేరు పెట్టుకున్న కోడూరైటు. ఊళ్ళో ఉన్న రాయి ఒదిలేసి ఎక్కడో జపాన్ కింద రాయి ఎందుకు.

టెక్కలి_నీలిరాయి
గరివిడి బావ ఉద్యోగం గురించి అన్నది నిజమే గానీ మన రాయికి ఈ సబ్జెక్టుతో సంబంధం లేదన్నట్టు మాట్లాడారు చూడండి, అది నేను ఒప్పుకోను. నేనూ ఎమ్మెస్సీ జియాలజీయే, ఇప్పుడు క్వారీలో సూపర్‌వైజర్. ఖొండలైట్ ఒకప్పుడు ఏటి? మట్టి. నీళ్ళతో నిండిన బురద. అది పాతుకుపోయి వేడెక్కే కొద్దీ ముందు మస్కవైట్ అనే తెల్ల అభ్రకం పోయింది, తర్వాత బయోటైట్ అనే నల్ల అభ్రకం కూడా చాలా మట్టుకు పోయింది, దాని బదులు గార్నెట్, సిల్లిమనైట్ మిగిలాయి. ఇది డీహైడ్రేషన్ రియాక్షన్ కాకపోతే మరేటి? మా చార్నొకైట్ లో ఆర్థోపైరాక్సీన్ అనే నీరు లేని ఖనిజం ఉందంటేనే అక్కడ నీరు ఎంత తగ్గిపోయిందో తెలుస్తాది.

ఈసారి ఎక్కడైనా ఖొండలైట్ కోసిన పలక కనిపిస్తే దగ్గరగా చూడు. శనగగింజంత ఎర్ర గార్నెట్ చుట్టూ తెల్లగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పోగులు తిరిగి ఉంటాయి, కొన్ని చోట్ల పోగు గార్నెట్ ని ఆనుకుని ఆగిపోతాది. ఆ తెలుపు ఒకప్పుడు కరిగిన ద్రవం. బయోటైట్ వదిలిన నీరు నీరుగా పోలేదు, ఆ కరుగులోకి దూరిపోయింది. సబ్డక్షన్ లో చల్లటి ప్లేటు కాబట్టి నీరు నీరుగానే బయటపడుతాది, ఇక్కడ 900 డిగ్రీలు దాటిన వేడి కాబట్టి కరుగు అయ్యింది. రెండూ ఒకటే అని నేననడం లేదు, దారులు వేరు. కానీ ఒక రియాక్షన్ టెక్స్చర్ (రియాక్షన్ రాయిలో వదిలిన ఖనిజాల అమరిక) చదవడం వచ్చినోడికి రెండోది కొత్త భాష కాదు. రాజాం పిల్ల దగ్గర ఆల్రెడీ సగం సరుకు ఉంది.

బొబ్బిలి_వీణ
నీలిరాయి అన్నయ్యా, సరిగ్గా చెప్పారు. మా ల్యాబులో చేరిన కొత్తలో సన్న స్లైడులో టెక్స్చర్ చదవడం నాకు వచ్చిందంటే ఎమ్మెస్సీలో ఖొండలైట్లు చూసిన పుణ్యమే. మిగతావాళ్ళు సాఫ్ట్‌వేర్ లో డయాగ్రమ్ గీసేసి, ఆ తర్వాత రాయిలో దాన్ని వెతుక్కునేవాళ్ళు.

కళింగపట్నం_కెరటం
మీ గార్నెట్లు నదిలో కొట్టుకొచ్చి మా బీచిలో పడుతున్నాయి అన్నయ్యా. కెరటం వెనక్కి పోయాక ఇసుక మీద వంకాయ రంగు చారలు ఉంటాయి, ఇన్నాళ్ళూ ఎవరో రంగు పారబోశారు అనుకునేవాళ్ళం, మా మేనల్లుడు కాలేజీలో చదివి అది గార్నెట్, నల్లది ఇల్మనైట్ అని చెప్పాడు.

నాదో డౌటు. 2004 సునామీ కూడా అండమాన్ వైపు ప్లేటు వల్లే కదా, మరి ఆ భూకంపం ఈ రాయిలోంచి నీళ్ళు బయటికి రావడం వల్లేనా? అలాగైతే ఆ పిల్ల అదే చదవాలి, మాకు పనికొస్తాది.

బొబ్బిలి_వీణ
నేరుగా కాదు. 2004 డిసెంబర్ 26 నాటిది రెండు ప్లేట్లు ఒరుసుకునే పై భాగం, ఎన్నో ఏళ్ళు ఇరుక్కున్నది ఒక్కసారి జారింది, 9.1 తీవ్రత, సుమారు 1300 కిలోమీటర్ల పొడవునా చీలింది. అసలు కారణం ప్లేటు కదలిక పేరుకుపోవడం. నీరు చేసేది వేరే పని, పగులు లోపల ఒత్తిడితో నిండితే రెండు పక్కల రాళ్ళ మధ్య పట్టు సడలుతుంది. ఎక్కడ గట్టిగా ఇరుక్కుంటుంది, ఎక్కడ మెల్లగా జారుతుంది అన్నదాంట్లో దాని చెయ్యి ఉంది. నైరుతి జపాన్ లో 2002 లో ఒబారా అనే ఆయన అగ్నిపర్వతంతో సంబంధం లేని సన్నటి వణుకు పట్టుకున్నాడు, మరుసటి ఏడు రోజర్స్, డ్రాగర్ట్ కెనడా పడమటి తీరంలో అలాంటి వణుకు, మెల్లటి జారుడు కలిసే వస్తున్నాయని చూపించారు. ఆ చోట్ల ఫ్లూయిడ్ ఒత్తిడి ఎక్కువ అని చాలామంది అభిప్రాయం.

డీహైడ్రేషన్ వల్లే అని గట్టిగా అనేది ఇంకో రకం, 70 నుంచి 300 కిలోమీటర్ల లోతు భూకంపాలు. అంత ఒత్తిడిలో మామూలుగా రాయి విరక్కూడదు, ఒరుసుకోకూడదు, మైనంలా సాగాలి. అయినా విరుగుతోంది. నీరు విడుదలై రాయి పెళుసుబారుతోంది అన్నది అక్కడి జవాబు.

మాంటిల్_మాలోకం
ఆగండి ఆగండి. పుస్తకం జవాబు అది. నేను మోడలింగ్ మనిషిని, విజయనగరం కంటోన్మెంట్ పిల్లాణ్ణి, ఇప్పుడు ఊళ్ళో లేను. ఈ పెళుసుబారడం కథ 1965 లో రాలే, పాటర్సన్ చేసిన సర్పెంటినైట్ ప్రయోగాల నుంచి వచ్చింది, అవి తక్కువ ఒత్తిడిలో చేసినవి. అక్కడ రియాక్షన్ అయితే ఘనం, నీరు కలిపి మొత్తం ఘనపరిమాణం పెరుగుతుంది, కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి పగులుతుంది, సరే. కానీ సుమారు రెండు గిగాపాస్కల్ దాటాక, అంటే ఓ అరవై డెబ్భై కిలోమీటర్ల కింద, ఆ నీరే నొక్కుకుపోయి మొత్తం ఘనపరిమాణం తగ్గుతుంది, ఫేజ్ డయాగ్రమ్ లో (ఏ వేడి, ఏ ఒత్తిడిలో ఏ ఖనిజం నిలుస్తుందో చూపే పటం) గీత వెనక్కి తిరుగుతుంది. తగ్గేచోట ఒత్తిడి పెరగడం ఏమిటి? పైగా చెర్నాక్, హర్త్ చేసిన ప్రయోగాల్లో యాంటిగోరైట్ నీరు వదుల్తూ కూడా ఠప్పున విరగలేదు, మెల్లగా జారింది. ఇది తేలిపోయిన విషయంలా చెల్లికి చెప్పకండి.

బొబ్బిలి_వీణ
తేలిపోయింది అని నేనెక్కడన్నానండీ, అక్కడి జవాబు అన్నాను. సరే ఘనపరిమాణం విషయం ఒప్పుకుంటాను. మరి ఈశాన్య జపాన్ కింద భూకంపాలు రెండు పొరలుగా, ముప్పై నలభై కిలోమీటర్ల ఎడంతో ఎందుకు పడుతున్నాయి? 1978 లోనే హసెగావా వాళ్ళు చూపించారు. కింది పొర ఉష్ణోగ్రత మోడల్ లో సర్పెంటైన్ విడిపోయే చోటుకి దగ్గరగా వస్తోంది. ఇంకోటి, 2017 లో ఫెరాండ్ బృందం ఒలివీన్ లో (మాంటిల్ లో ఎక్కువగా ఉండే ఖనిజం) కొద్దిపాటి యాంటిగోరైట్ కలిపి నొక్కితే చిటచిటమని శబ్దాలు దొరికాయి. ఐదు శాతం యాంటిగోరైట్ చాలు. వాళ్ళు చెప్పేది ఒత్తిడి పెరగడం కాదు, సర్పెంటైన్ కూలిపోయి మోస్తున్న భారాన్ని పక్కనున్న ఒలివీన్ మీదకి నెట్టేస్తుంది, ఒలివీన్ విరుగుతుంది. కాబట్టి మీ ఘనపరిమాణం అభ్యంతరం దానికి తగలదు.

మాంటిల్_మాలోకం
మిల్లీమీటరు నమూనాలో చిటచిట, అక్కడ వంద కిలోమీటర్ల ప్లేటు. మధ్యలో ఎంత దూరం ఉందో మీకూ తెలుసు. కింది పొర అసలు సర్పెంటైన్ గా మారిందా అన్నదే గ్యారంటీ లేదు, అంత లోతుకి సముద్రపు నీరు ఎలా దిగింది? ట్రెంచ్ (ప్లేటు దిగడం మొదలయ్యే సముద్రపు అగాధం) దగ్గర ప్లేటు వంగినప్పుడు పగుళ్ళలోంచి అంటారు, ఎంత దిగింది అన్నదాని మీదే కదా గొడవంతా.

పలాస_జీడిపప్పు
నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ సంక్రాంతి కోడిపందెం కంటే బాగుంది, కానివ్వండి. మొన్న యూట్యూబ్ లో భూమి లోపల మహాసముద్రం ఉందని పెట్టారు, మరి దాని సంగతేటి?

మాంటిల్_మాలోకం
ఆ థంబ్‌నెయిల్ పెట్టినోణ్ణి పట్టుకురండి. 2014 లో బ్రెజిల్ వజ్రంలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ అనే చిన్న రేణువు దొరికింది, అందులో సుమారు ఒకటిన్నర శాతం నీరు. అదీ మాస్టారు చెప్పిన హైడ్రాక్సిల్ రకమే. అలలు, చేపలు ఏవీ లేవు. 410 నుంచి 660 కిలోమీటర్ల మధ్య పొరలో కనీసం కొన్ని చోట్ల నీరు పట్టుకున్న ఖనిజం ఉందని దానర్థం. అంత లోతుకి ఎలా చేరిందంటే, చల్లటి ప్లేట్లు దారిలో మొత్తం వదలవు. 2011 లో వాన్ కెకెన్ బృందం వేసిన లెక్కలో దిగిన నీటిలో మూడో వంతు 240 కిలోమీటర్లు దాటిపోతోంది. కెనడా పడమటి తీరంలా లేత వేడి ప్లేటైతే చాలా మట్టుకు పైనే వదిలేస్తుంది, జపాన్ ఈశాన్యంలా పాత చల్లటి ప్లేటైతే మోసుకుపోతుంది.

గరివిడి_మైను
ఇదంతా బాగుంది, ఇంతమంది చదువుకున్నోళ్ళు మన జిల్లాల్లో ఉన్నారంటే సంతోషం. కానీ నేను అడగాలనుకున్నది అడుగుతా. ఉద్దానంలో ఎన్నేళ్ళ నుంచి కిడ్నీలు పోతున్నాయి, నీళ్ళలో ఏదో ఉందని ఒకరు, కాదని ఒకరు, కారణం ఇప్పటికీ తేల్లేదు. అక్కడ రాయి, నీరు రెండూ తెలిసిన మనిషి కావాలా వద్దా? మన రాజాం పిల్ల చేతిలో జేఆర్ఎఫ్ పెట్టుకుని 240 కిలోమీటర్ల కింద నీళ్ళు లెక్కపెట్టడం నాకు సబబుగా లేదు.

ఉద్దానం_కొబ్బరి
మాది కవిటి దగ్గర. మా చిన్నాన్న డయాలసిస్ లో ఉన్నారు, వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్తా. గరివిడి గారూ మీరు మంచి మనసుతోనే రాశారు గానీ మా పేరు చెప్పి ఆ అమ్మాయి మీద బరువు పెట్టకండి. మా ఊరికి బాటిళ్ళు పట్టుకుని వచ్చినోళ్ళకి లెక్క లేదు, మా ఇంటి బోరు నీళ్ళే ఎన్ని సీసాల్లో పోయాయో. రిపోర్టు తెచ్చి మా చేతిలో పెట్టినోళ్ళు తక్కువ. ఇష్టం లేకుండా వచ్చినోళ్ళు థీసిస్ అయ్యాక కనిపించరు. ఇష్టమున్నోళ్ళు రండి, లేనోళ్ళు ఇష్టమున్న పని చేసుకోండి, మాకు కోపం లేదు.

వంశధార_గట్టు
👆 ఇది చదివి కాసేపు టైప్ చెయ్యలేకపోయా. చిన్నాన్నగారు జాగ్రత్త అన్నా.

గరివిడి_మైను
సరే ఆ మాట వెనక్కి తీసుకోను గానీ ఇంక లాగను. ఉద్యోగం సంగతి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్తా.

రాజాం_రాళ్ళపిల్ల
అందరివీ రెండేసి సార్లు చదివాను. ఉద్దానం అన్నయ్యా, థాంక్స్ అనడం కూడా చిన్నగా ఉంది. గరివిడి మామయ్యా, మీరన్నది నా బుర్రలో తిరుగుతున్నదే. కానీ గ్రౌండ్ వాటర్ ప్రపోజల్ నేను రాస్తుంటే పేజీ కదల్లేదు, ఇదైతే రాత్రి రెండయినా నిద్ర రాలేదు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. సోమవారం ఈ రెండో గైడ్ తో మీటింగ్. ఆయన ప్రయోగం, మోడలింగ్, ఫీల్డ్ ఏది కావాలో నువ్వే చెప్పు అన్నారు. ఏటి చెప్పాలి?

మాంటిల్_మాలోకం
మోడలింగ్. పెర్పుల్ ఎక్స్ అని ఫేజ్ డయాగ్రమ్ లు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, లాప్‌టాప్ చాలు, పైథాన్ నేర్చుకో. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే గరివిడి గారి ఉద్యోగం ప్రశ్నకి కూడా అదే జవాబు, మా బ్యాచ్ లో సగం మంది డేటా కంపెనీల్లో ఉన్నారు.

బొబ్బిలి_వీణ
అదే వద్దంటున్నా, ముందే పారిపోయే దారి చూసుకుని చేరతావా ఏమిటి. ప్రయోగం అయితే నీకు ఓపిక కావాలి, బంగారు గొట్టంలో పొడి పోసి రెండు కొనలూ వెల్డ్ చేసి పిస్టన్ సిలిండర్ లో (వేడి, ఒత్తిడి పెట్టే యంత్రం) పెట్టి వారం ఆగితే, తెరిచేసరికి గొట్టం చిల్లుపడి నీరంతా పోయి ఉంటుంది, లేదా వేడి కొలిచే థర్మోకపుల్ తీగ మధ్యలో తెగుతుంది. మళ్ళీ మొదటి నుంచి. అయినా ఆ స్లైడులో కొత్తగా పుట్టిన ఒలివీన్ సూదులు మొదటిసారి చూసిన రోజు అన్నం తినడం మర్చిపోయా.

గైడ్ ని ఇవి అడుగు, సిగ్గుపడకు. మైక్రోప్రోబ్ (ఖనిజంలో ఏ మూలకం ఎంతుందో కొలిచే మెషీన్) సొంతమా, వేరే ఊరికి వెళ్ళి క్యూలో నిలబడాలా. నీ ముందు చేరినవాళ్ళు ఎన్నేళ్ళకి బయటపడ్డారు. జేఆర్ఎఫ్ 37 వేలు ప్లస్ హెచ్ఆర్ఏ అని కాగితం మీద ఉంటుంది, డబ్బు పడడానికి నెలలు పట్టిన సందర్భాలు మాకందరికీ ఉన్నాయి, ఆ గ్యాప్ లో ఎలా అని కూడా అడుగు. అన్నిటికంటే ముఖ్యం ఆయన్ని కాదు, ఆయన స్టూడెంట్లని విడిగా టీ కి తీసుకెళ్ళి అడుగు.

టెక్కలి_నీలిరాయి
ఫీల్డ్ అని చెప్పమ్మా. లడఖ్ లో షెర్గోల్ దగ్గర బ్లూషిస్టు ఉంది, త్సో మొరారి ఎక్లోజైట్ లో కోయిసైట్ (చాలా ఎక్కువ ఒత్తిడిలో క్వార్ట్జ్ మారే రూపం) కూడా దొరికింది, అంటే సుమారు 90 కిలోమీటర్లు లోపలికి పోయి తిరిగొచ్చిన రాయి. దాన్ని చేత్తో పట్టుకుని, అది ఎక్కడ ఏ నీరు వదిలిందో స్లైడులో చూసి, ఆ తర్వాత ఆ ప్రశ్నకి ప్రయోగమో మోడలో ఏది కావాలంటే అది పెట్టుకో. రాయి చూడకుండా మెషీన్ ఎంచుకోవడం ఏటి. వెళ్తే నాకో చిన్న ముక్క, క్వారీ ఆఫీసు టేబుల్ మీద పెట్టుకుంటా.

రాజాం_రాళ్ళపిల్ల
నీలిరాయి అన్నయ్య మాటే చెప్తాను సోమవారం, రాయితో మొదలుపెట్టి యాంటిగోరైట్ దగ్గర ఆగుతానో లాసనైట్ దగ్గర ఆగుతానో తర్వాత చూస్తా.

గంట్యాడ_మాస్టారు
లాసనైట్ పేరు అందరూ వాడారు, దానిలో నీరెంతో ఒక్కరూ లెక్క కట్టలేదు. ఇంటర్వ్యూలో అడిగితే?

రాజాం_రాళ్ళపిల్ల
కట్టాను మాస్టారూ. ఒక కాల్షియం, రెండు అల్యూమినియం, రెండు సిలికాన్, ఏడు ఆక్సిజన్, రెండు హైడ్రాక్సిల్, పక్కన ఒక నీటి అణువు. మొత్తం 314, నీరు 36, వచ్చింది 11.5. ఇందులో హైడ్రాక్సిలూ ఉంది, మీ మైలుతుత్తంలోలా నీటి అణువూ ఉంది. ఇప్పుడు రెండూ కలిపి రాయొచ్చా?

గంట్యాడ_మాస్టారు
రాయొచ్చు. కానీ 11.5 ఏమిటి? బరువు శాతమా, మోల్ శాతమా? యూనిట్ రాయలేదు, అర మార్కు కట్.